వనభోజనమునకు పోవు పిల్లలు

కార్తికమాసము వచ్చినంతనే బిలాస్‌పూరు రైల్వే కాలనీలలోని తెలుగు కుటుంబములలో ఒక సందడి మొదలగును. ఏ ఆదివారము పోవలెను, ఉసిరిచెట్టు ఎచ్చట దొరకును, పులిహోర ఎవరి ఇంట, గుత్తివంకాయ ఎవరి ఇంట అను చర్చలు సాయంకాలములందు క్వార్టర్ల గుమ్మముల యొద్ద సాగును. బెంగాల్ నాగపూరు రైల్వే కాలమున శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి ఉద్యోగములకై తరలివచ్చిన వారి మనుమలును, మునిమనుమలును నేడు ఇచ్చట నివసించుచున్నారు. 1931లో విజయనగరము - రాయపూరు మార్గము పూర్తియైన పిదప ఈ రాకపోకలు మరింత సులభమైనవి. ఆ రైల్వే 1944లో ప్రభుత్వపరమైనది. 1955లో ఆగ్నేయ రైల్వే అయినది. 2003లో బిలాస్‌పూరు కేంద్రముగా ఆగ్నేయ మధ్య రైల్వే వేరుపడినది. రైల్వే పేరు ఇన్నిమారులు మారినను కార్తిక వనభోజనము మారలేదు. ఛత్తీస్‌గఢ్ వారును కార్తిక శుద్ధ నవమినాడు ఆఁవ్లా నవమి పేర ఉసిరిచెట్టు క్రింద భుజింతురు గనుక, ఇరుగుపొరుగువారు విస్తళ్లు పట్టుకొని కలిసివచ్చుటయు కలదు.

పోవుటకు స్థలములకు కొదువ లేదు. రతన్‌పూరున మహామాయ ఆలయము, అచ్చటికి సమీపముననే ఖూటాఘాట్ జలాశయము, ఊరికి చేరువలో కానన్ పెండారీ జంతుప్రదర్శనశాల, ఉత్తరమున అచానక్‌మార్ అరణ్యము, కట్నీ మార్గమున భన్వర్‌టంక్ వద్ద పట్టాల చెంతనే వెలసిన మరహీమాత గుడి, చాంపా మార్గమున కోట్మీ సోనార్ మొసళ్ల పార్కు. ఈ పేర్లను మరల ఒకసారి చదివినచో పెద్దలకు ఒక సంగతి స్ఫురించును. నీరో, రైలుపట్టాలో, అడవియో లేని చోటు వీనిలో ఒక్కటియు లేదు.

పిల్లలను ఇంటియందే ఉంచుడని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయబడలేదు. ఎండయు, గాలియు, పరుగును పిల్లలకు అన్నమువలెనే అవసరము. పిల్లలతో పోయి పిల్లలతో తిరిగివచ్చుటకు కొంత ముందాలోచన కావలెను. ఆ ఆలోచన ఎట్లుండవలెనో చెప్పుటయే ఇచ్చటి పని. అందును ఒకచోట కుదురుగా నిలువలేని, చెప్పినమాట చెవిని పడినను మనస్సున నిలువని పిల్లల విషయమున మరికొంత చెప్పవలసియున్నది. వారిని గూర్చి మన భాషలో వ్రాసినవారు తక్కువ.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కార్తికమున ఈ వ్యాసకర్త కుటుంబము ఖూటాఘాట్‌కు వనభోజనమునకు పోయినది. మేనల్లునికి అప్పుడు తొమ్మిదేండ్లు. వాడు తెలివిగలవాడు, రైలుబండ్ల నంబర్లన్నియు కంఠస్థము. కాని కూర్చున్నచోట కూర్చుండడు. భోజనములు ముగిసి, గిన్నెలు సర్దుచున్న సమయమున వాడు కనబడలేదు. పెద్దవారము తొమ్మండుగురము ఉంటిమి. ప్రతివారును తక్కిన ఎనిమిదిమందిలో ఎవరో వానిని చూచుచున్నారని తలచిరి. పావుగంట వెదకిన పిదప, అలుగు దగ్గర ఒక వృద్ధుడైన జాలరి వాని మణికట్టు పట్టుకొని నిలిచియుండగా చూచితిమి. వాని పాదములు తడిసియున్నవి. మా అక్కయ్య ఏడ్చుచు, "ఎక్కడికెళ్ళిపోయావురా నాయనా?" అని అడిగెను. వాడు ఆశ్చర్యముతో, "నేనెక్కడికీ వెళ్ళలేదమ్మా, చేపని చూస్తున్నాను" అనెను.

ఆ జవాబు అబద్ధము కాదు. చేప కదలినది, వాని చూపు దానివెంట పోయినది, చూపువెంట కాళ్లు పోయినవి. తాను అందరిని విడిచి వచ్చితినను ఎరుక వానికి కలుగనే లేదు. ఈ సంగతి గ్రహించుటకు మాకు చాలకాలము పట్టినది.

వైద్యులు ఎ.డి.హెచ్.డి. అని వ్యవహరించు ఈ స్థితిని తెలుగులో అవధానలోప చాపల్య రుగ్మత అనవచ్చును. దీనియందు మూడు లక్షణములు కలసియైనను, విడిగానైనను కానవచ్చును. మొదటిది, మనస్సు ఒక పనిపై నిలువకుండుట. రెండవది, శరీరము నిలకడ లేకుండుట. మూడవది, తలంపు కలిగిన క్షణముననే, ఆలోచనకు ఎడము లేక, పనిచేసివేయుట. ప్రపంచమున బడియీడు పిల్లలలో సుమారు నూటికి ఐదుగురికి ఇది ఉండునని పలుదేశముల పరిశీలనలను కూడి చూచినవారు చెప్పిరి. పన్నెండేండ్లలోపుననే లక్షణములు కనబడి, ఆరు మాసములకు తక్కువ కాకుండ నిలిచి, ఇంటను బడియందును రెండుచోట్లను ఇబ్బంది కలిగించినప్పుడే వైద్యులు దీనిని నిర్ధారింతురు. అల్లరి చేయు ప్రతి బిడ్డకును ఈ పేరు అంటగట్టరాదు. అల్లరి చేయక కిటికీవైపు చూచుచు ఊహలలో మునిగియుండు బిడ్డకు, అందును ఆడపిల్లకు, ఇది ఉన్నను ఎవరును కనిపెట్టకపోవుట కద్దు. వనభోజనమునాడు నిశ్శబ్దముగా తప్పిపోవునది ఈ రెండవ రకపు బిడ్డయే.

1902లో లండనున జార్జి స్టిల్ అను పిల్లల వైద్యుడు ఇట్టి పిల్లలను వర్ణించుచు, నైతిక నిగ్రహమునందలి లోపమని దానిని పేర్కొనెను. నేటి వైద్యశాస్త్రము అట్లనదు. మెదడు ఎదుగుదలలోని భేదమే దీనికి మూలమనియు, వంశపారంపర్యమునకు ఇందు గొప్ప పాత్ర కలదనియు ఇప్పుడు తెలియును. తల్లి గారాబము చేసినందువలనను, తండ్రి కొట్టనందువలనను ఇది రాదు. కొట్టినందువలన పోదు. మన ఇండ్లలో పెద్దవారు కొందరు ఇంకను స్టిల్ దొర కాలముననే ఉన్నారని చెప్పక తప్పదు.

ఇట్టి పిల్లవానిని విహారమునకు తీసికొనిపోవుట మంచిదా అని అడుగువారు కలరు. మా మేనల్లుని బడివారు ఒక సంవత్సరము పిల్లలందరిని విహారమునకు కొనిపోవుచు, "ఈ అబ్బాయిని ఇంట్లో ఉంచండి, మాకు బాధ్యత" అని కబురంపిరి. వారి భయము అర్థము కానిది కాదు. వెంటపోవు ఉపాధ్యాయులు ఇద్దరే. కాని ఆ దినమంతయు వాడు గుమ్మములో కూర్చుండి, బస్సు తిరిగి వచ్చువరకు రోడ్డువంకనే చూచుచుండెను. అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు చెందిన ఇద్దరు పరిశోధకురాండ్రు 2009లో ప్రకటించిన ఒక పరిశీలన ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినది. ఏడు మొదలు పన్నెండేండ్ల వయస్సుగల, ఈ రుగ్మత ఉన్న 17 మంది పిల్లలను వారు ఇరువది నిమిషములు నడిపించిరి. ఒకనాడు చెట్లుగల పార్కులో, మరియొకనాడు ఊరి నడుమ వీధిలో, ఇంకొకనాడు ఇండ్లున్న పేటలో. పార్కులో నడిచిన పిదప వారి ఏకాగ్రత మెరుగుగా ఉండెను. పదునేడుగురిపై చేసిన పరీక్ష చిన్నదే. దానిని మందుగా భావింపరాదు. కాని ఇట్టి బిడ్డకు చెట్లనీడను నిరాకరించుట ఎంత తలక్రిందుల పనియో దానివలన తెలియును. బిడ్డను మాన్పించుటకు బదులు వెంటపోవువారిని ఒకరిని పెంచవలెను. అవసరమైనచో తల్లియో తండ్రియో తామే తోడు వచ్చెదమని బడివారితో చెప్పుట మేలు.

ఇక నీటి విషయము. మిక్కిలి భయపడవలసినది దీనికే. 2021లో ప్రపంచమున సుమారు మూడులక్షలమంది నీట మునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కగట్టినది. మృతులలో పిల్లలును, యువకులును హెచ్చు. ఇంతదూరపు అంకెలు కూడ మనకు అక్కరలేదు. బిలాస్‌పూరు చెంతనే అరపానది పారుచున్నది. వేసవిలో మోకాలిలోతు లేని ఆ నదిని చూచి ఎవరును భయపడరు. కాని ఇసుకకై త్రవ్విన గోతులు వానకాలమున నీటితో నిండి, పైకి సమతలముగా కనబడును. 2023 జులైలో హరేలి పండుగనాడు సేంద్రీ గ్రామము వద్ద ముగ్గురు బాలికలు అట్టి గోతిలో మునిగి మరణించిరి. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము ఆ విషయమును తనంతతానే విచారణకు స్వీకరించినది. ఇసుకనదిలో ఒక అడుగు మోకాలిలోతు, మరుసటి అడుగు తలమునుక. ఇచ్చట ఈతవచ్చిన పిల్లలకును రక్షణ లేదు.

ఖూటాఘాట్ పేరునందే ఒక హెచ్చరిక కలదు. ఖూంటా అనగా చెట్టుమోడు. జలాశయము నిండినప్పుడు మునిగిన అడవిచెట్ల మోళ్లు నీటిలో మిగిలిపోయినందున ఆ పేరు వచ్చినదని స్థానికులు చెప్పుదురు. అట్టి నీటిలో దుముకు పిల్లవానికి అడుగున ఏమున్నదో తెలియదు. గట్టుపై నుండి నీటిలోనికి తల ముందుగా దూకుట ఎచ్చటనైనను ప్రమాదమే; మెడ ఎముక విరిగినచో జీవితమంతయు మంచమునకు అంటుకొనిపోవచ్చును.

ఆనకట్టకు దిగువనున్న బండలపై పిల్లలను కూర్చుండబెట్టుట మరియొక పొరపాటు. 2014 జూన్ 8వ తేదీన హిమాచలప్రదేశమున బియాస్ నదిలో హైదరాబాదు నుండి విహారమునకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకొనిపోయిరి. వారు దిగినప్పుడు నదిలో నీరు స్వల్పము. బండలపై నిలిచి ఫోటోలు తీసికొనుచుండగా, ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుండి నీరు విడువబడి, నిమిషములలో మట్టము పెరిగినది. వారు పసిపిల్లలు కారు, యౌవనమున ఉన్నవారు. అయినను ఒడ్డునకు రాలేకపోయిరి. తెలుగుదేశమున ఆ దుఃఖము ఇంకను ఆరలేదు. దిగువ నదిలో నీరు తక్కువగా ఉన్నంతమాత్రమున అది అట్లే ఉండునని నమ్మరాదు. నీరు మురికిగా మారుటయు, ఆకులు, పుల్లలు హఠాత్తుగా తేలివచ్చుటయు, ఎగువనుండి హోరు వినబడుటయు ప్రవాహము వచ్చుచున్నదనుటకు గుర్తులు. గుర్తు కనబడిన మరుక్షణమున చెప్పులు, సంచులు విడిచి గట్టెక్కవలెను.

పడవ ఎక్కించువారు వదోదరలోని హరణీ సరస్సును మరువరాదు. 2024 జనవరి 18న బడిపిల్లలతో నిండిన పడవ అచ్చట తలక్రిందులై 12 మంది విద్యార్థులును, ఇద్దరు ఉపాధ్యాయినులును మరణించిరి. పడవలో మితిమీరి జనము ఎక్కిరి. పెక్కుమందికి రక్షణ జాకెట్లు లేవు. బిడ్డ ఒంటికి సరిపోవు జాకెట్టు, దాని పట్టీలు బిగించియుండుట, పడవ యజమాని చెప్పిన పరిమితికి మించి ఒక్కరును ఎక్కకుండుట, ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను ఒడ్డుననే ఉండవలెను. డబ్బు చెల్లించితిమను చింత అక్కరలేదు.

నీట మునుగు బిడ్డ కేకలు వేయునని మనము తలచుచున్నాము. అట్లు జరుగుట అరుదు. నోరు నీటిమట్టమునకు వచ్చుచు పోవుచు ఉండును; ఊపిరి పీల్చుటకే వ్యవధి చాలదు, కేక యెట్లు వేయగలడు? చేతులు పైకెత్తి పిలువలేడు. అప్రయత్నముగా ప్రక్కలకు నీటిని నొక్కుచుండును. ఒక నిమిషములోపుననే అంతయు ముగిసిపోవచ్చును. పది అడుగుల దూరమున పెద్దలు పేకాడుచుండగా బిడ్డ నిశ్శబ్దముగా మునిగిపోవుట ఈ కారణముచేతనే. ఆడుకొనుచున్న పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైనచో లేచి చూడవలెను.

అందుచేత నీరున్నచోట కావలివాడు ఒకడు ఉండవలెను. అందరు చూచుచున్నారనగా ఎవరును చూచుట లేదని మా ఖూటాఘాట్ అనుభవము నేర్పినది. ఒక పెద్దమనిషి, పావుగంటసేపు, ఫోను జేబులో పెట్టి, ముచ్చట్లు మాని, పిల్లలను మాత్రమే చూడవలెను. గడువు తీరిన పిదప రెండవవానిని పేరుపెట్టి పిలిచి, "ఇప్పటినుండి నీవు" అని చెప్పి, అతడు "సరే" అనిన తరువాతనే తాను కదలవలెను. ఒక ఎర్రని తువాలు కావలివాని భుజముపై ఉంచి, అది చేతులు మారినప్పుడే బాధ్యత మారునట్లు మా కుటుంబమున ఏర్పాటు చేసికొంటిమి. మొదట నవ్వినవారే ఇప్పుడు తువాలు ఏదియని అడుగుచున్నారు. చిన్నపిల్లలకును, చాపల్యముగల పిల్లలకును ఈ కావలి చాలదు. నీటి దగ్గర వారికి ఒక పెద్దమనిషి చేయిచాచిన దూరముననే ఉండవలెను.

బిడ్డ మునుగుచుండగా చూచినవారు తామును దుముకుట సహజము. ఆ విధముగా ఒకరివెంట ఒకరు ముగ్గురు నలుగురు పోవుట పత్రికలలో తరచు చదువుచున్నాము. మొదట ఏదేని అందించవలెను: చీర, వెదురుగడ, త్రాడు, మూత బిగించిన ఖాళీ నీళ్లడబ్బా. ఒడ్డున బోర్లపడుకొని అందించినచో తాము జారిపోరు. బయటికి తీసిన బిడ్డకు ఊపిరి లేకున్నచో కడుపు నొక్కి నీరు కక్కించుట, తలక్రిందులుగా పట్టి త్రిప్పుట చేయరాదు. అందువలన విలువైన క్షణములు వృథాయగును. కక్కిన పదార్థము ఊపిరితిత్తులలోనికి పోవును. వెల్లకిల పరుండబెట్టి, గడ్డము పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి రొమ్ము పైకి లేచునట్లు రెండుమార్లు ఊపిరి ఊదవలెను. పిదప రొమ్ము నడుమ, రొమ్ము మందములో మూడవవంతు దిగునట్లు, ముప్పదిమార్లు వేగముగా నొక్కవలెను. వేగము నిమిషమునకు నూరునకు తగ్గరాదు, నూటయిరువది మించరాదు. మరల రెండు ఊపిరులు, మరల ముప్పది నొక్కులు. వైద్యసహాయము అందువరకు, లేదా బిడ్డ తానుగా ఊపిరి తీయువరకు ఇది సాగవలెను. ఇంకొకరు ఈలోగా 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. కోలుకొన్నట్లు కనబడిన బిడ్డనైనను ఆసుపత్రికి తీసికొనిపోవుట తప్పనిసరి. ఈ విద్య చదివినంతమాత్రమున రాదు. పట్టణములలో ప్రథమచికిత్స తరగతులు జరుగుచుండును. వనభోజనమునకు పోవు ప్రతి బృందములోను ఒకరైనను బొమ్మపై అభ్యసించినవారు ఉండుట మంచిది.

రైల్వే కాలనీ పిల్లలకు పట్టాలనిన భయము లేదు. పుట్టినది మొదలు ఆ కూత వినుచు పెరిగినవారు. ఈ పరిచయమే ప్రమాదము. పాతకాలపు ఆవిరియింజను అరమైలు దూరముననే తన రాకను చాటుచుండెను. నేటి విద్యుత్ ఇంజను దగ్గరకు వచ్చువరకు వినబడదు. ఒక బండి పోయినదని పట్టాలు దాటబోవు పిల్లవానికి రెండవ పట్టాలపై ఎదురువచ్చు బండి కనబడదు. పైనున్న తీగలలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించుచుండును. తాకనక్కరలేదు, చేరువైనను అది దుముకును. నిలిచియున్న గూడ్సు పెట్టెలపైకి ఎక్కి కాలిపోయిన బాలుర కథలు ప్రతి రైల్వే పట్టణమునను కలవు. 2014 జులై 24న మెదకు జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని లెవెల్ క్రాసింగున బడిబస్సును రైలు ఢీకొని అనేకమంది పసిపిల్లలు మరణించిరి. బ్రాడ్‌గేజి మార్గములపై అట్టి కాపలాలేని క్రాసింగులు 2019 జనవరి నాటికి తొలగింపబడినవి. కాని గుడికి దగ్గరదారియని పట్టాలవెంట నడచు అలవాటును ఏ గేటును ఆపజాలదు. 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము అది శిక్షార్హమైన నేరము కూడ. భన్వర్‌టంక్ వంటి చోట, కొండ, సొరంగము, మలుపు ఉన్నందున, బండి ఎదుటికి వచ్చువరకు కనబడదు. స్టేషనులో దిగిన పిదప పిల్లలందరిని ప్లాట్‌ఫారముపై గోడవైపు నిలిపి, బండి వెడలిపోయిన తరువాతనే లెక్కించి కదలవలెను. చాపల్యముగల బిడ్డను వ్రేళ్లు పట్టుకొని నడిపింపరాదు, వ్రేళ్లు జారిపోవును. మణికట్టు పట్టవలెను. ఆ జాలరి పట్టినట్లు.

అట్టి బిడ్డతో మాటలాడుటకు ఒక పద్ధతి కలదు. దూరమునుండి కేకవేసి, "పరుగెత్తకు, నీళ్లలోకి పోకు, రాళ్లు విసరకు, తమ్ముణ్ణి చూసుకో" అని నాలుగు ఆజ్ఞలు ఒక్కసారిగా ఇచ్చినచో వానిలో ఒక్కటియు నిలువదు. దగ్గరకు పోయి, వాని కన్నుల ఎత్తునకు వంగి, ఒక్క మాట చెప్పి, దానిని వానిచేతనే తిరిగి చెప్పించవలెను. చేయరానిది చెప్పుటకంటె చేయవలసినది చెప్పుట మేలు. "నీటిలోకి పోవద్దు" అనుటకు బదులు "ఈ తెల్లరాయికి ఇవతలనే ఆడుకో" అనిన వాని కంటికి ఒక హద్దు దొరకును. చేరినవెంటనే పెద్దలొకరు ఆ హద్దులను వానితో కూడ నడచి చూపవలెను. వానికి ఒక పని ఒప్పగించుట అన్నిటికంటె ఉత్తమము. నీళ్లసీసాలు పంచుట, సంచులు లెక్కించుట, ఈల ఊది అందరిని భోజనమునకు పిలుచుట. చేతికి పనియున్నంతవరకు కాళ్లు అంతగా తిరుగవు.

ఆట మాన్పించు సమయము, బండి దిగు సమయము, సామాను సర్దు సమయము, ఈ మూడు సంధికాలములందే పిల్లలు ఎక్కువగా తప్పిపోవుదురు. పెద్దల చేతులు అప్పుడే నిండియుండును. బయలుదేరుటకు పది నిమిషములు ముందుగా ఒకసారి, ఐదు నిమిషములు ముందుగా ఒకసారి చెప్పినచో బిడ్డ మనస్సు ఆటనుండి మరలుటకు వ్యవధి చిక్కును.

మందులు వాడు పిల్లలున్నారు. మిథైల్‌ఫెనిడేట్ వంటి మందును వైద్యుడు ఏ వేళకు చెప్పెనో ఆ వేళకే ఇవ్వవలెను. "ఈరోజు బడి లేదు గదా" అని విహారమునాడు తామంతట తాము మానివేయుట తగదు; నీటిదగ్గరనే గదా ఆలోచన మిక్కిలి అవసరము! మానదలచినచో వైద్యుని అడిగి మానవలెను. ఈ మందువలన ఆకలి మందగించును. మధ్యాహ్నము విస్తరి ముందు బిడ్డ తినలేదని గద్దింపక, ఉదయము బయలుదేరకముందు కడుపునిండ పెట్టి, సాయంకాలము మరల పెట్టవలెను. ఆటలో దాహము మరచిపోవుదురు గనుక గంటగంటకు పిలిచి నీరు త్రాగించవలెను. మందు పేరు, మోతాదు ఒక కాగితముపై వ్రాసి పెద్దవారి జేబులో ఉంచుకొనవలెను. మందుసీసా ఇతర పిల్లల చేతికి అందరాదు.

బయలుదేరు ఉదయమున పిల్లలందరిని వరుసగా నిలిపి, ఆనాటి బట్టలతో ఫోనులో ఒక ఫోటో తీసికొనుట రెండు నిమిషముల పని. తప్పిపోయినప్పుడు కంగారులో తల్లికే చొక్కా రంగు జ్ఞాపకమునకు రాదు. ఎరుపు, నారింజ, పసుపు రంగులు అడవిలోను నీటిలోను దూరమునకు కనబడును. నీలము, ఆకుపచ్చ కలిసిపోవును. చొక్కా లోపలివైపున తండ్రి ఫోను నంబరు సిరాతో వ్రాయవచ్చును. పేరు మాత్రము బయటికి కనబడునట్లు వ్రాయరాదు. పేరుపెట్టి పిలిచిన కొత్తవానిని పిల్లలు తెలిసినవానిగా తలతురు.

1981లో కాలిఫోర్నియాలో ఒక కొండపై తొమ్మిదేండ్ల బాలుడు దారితప్పి, చలికి మరణించిన పిదప, అచ్చటి వెదకుడు దళములవారు పిల్లలకు ఒక పాఠము నేర్పసాగిరి: దారితప్పితినని తెలిసిన వెంటనే ఒక చెట్టును కౌగిలించుకొని అచ్చటనే ఉండుము. తిరుగాడు పిల్లవానిని వెదకుట కష్టము. నిలిచిన పిల్లవానిని వెదకుట సులభము. మన పిల్లలకు ఉసిరిచెట్టు పూజ తెలియును గనుక ఈ పాఠము త్వరగా అబ్బును. మెడలో ఒక ఈల వేసి, మూడుమార్లు ఊది, ఆగి, మరల మూడుమార్లు ఊదుమని నేర్పవలెను. ఇంటియందే దాగుడుమూతలవలె అభ్యాసము చేయించినచో భయము లేక నేర్చుకొందురు.

బిడ్డ కనబడనప్పుడు పెద్దలు మొట్టమొదట నీటివైపు పరుగెత్తవలెను. చెట్లవెనుక, బస్సులో, అంగడివద్ద వెదకుట తరువాత. చెట్టువెనుకనున్న బిడ్డ అరగంట తరువాతను చెట్టువెనుకనే ఉండును. ఒకరు మాత్రము బిడ్డను చివరగా చూచినచోటనే నిలిచియుండవలెను. రైలులోనో స్టేషనులోనో తప్పిపోయినచో రైల్వే రక్షణదళమువారికి చెప్పి, 139కి ఫోను చేయవచ్చును. పిల్లల సహాయమునకు 1098 నంబరు కలదు.

తక్కినవి క్లుప్తముగా చెప్పెదను. పాము కరచినచో కట్టు బిగించుట, గాటుపెట్టుట, నోటితో పీల్చుట, మంత్రగానికొరకు వెదకుట, ఇవేవియు చేయరాదు. బిడ్డను కదలనీయక, కరచిన అవయవమును పుల్లకట్టి, ఆసుపత్రికి చేర్చవలెను. విషమునకు విరుగుడుమందు అచ్చటనే లభించును. తేనెపట్టున్న చెట్టు క్రింద పొయ్యి పెట్టరాదు; పొగకు తేనెటీగలు రేగును. కోట్మీ సోనార్‌లో మొసలి కదలక పడియున్నంతమాత్రమున నిద్రించుచున్నదని తలచి కంచె దాటరాదు.

తమ బిడ్డకు అవధానలోపము కలదేమోయని అనుమానము గలవారు ఎవరి యొద్దకు పోవలెను? 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పదునెనిమిదేండ్లలోపు పిల్లలను అంగన్‌వాడీలలోను ప్రభుత్వ పాఠశాలలలోను పరీక్షించుచున్నారు. పరీక్షింపవలసిన పరిస్థితుల పట్టికలో ఈ రుగ్మతయు కలదు. అచ్చటినుండి జిల్లాలోని సత్వర సహాయ కేంద్రమునకు పంపుదురు. రైల్వే ఉద్యోగులు తమ రైల్వే ఆసుపత్రిలోని పిల్లల వైద్యుని మొదట చూడవచ్చును. మాటలాడి సలహా పొందగోరువారికి 2022లో ఏర్పడిన టెలి మానస్ సేవ 14416 నంబరున లభించును, తెలుగులోను మాటలాడవచ్చును. ఉత్తరాది పట్టణమున తెలుగు తల్లులకు ఇది చిన్న ఉపకారము కాదు.

మా మేనల్లునికి ఇప్పుడు పన్నెండేండ్లు. చికిత్స జరుగుచున్నది. గత కార్తికమున మరల ఖూటాఘాట్‌కే పోయితిమి. ఈల వాని మెడలో, పిల్లల పేర్లపట్టిక వాని చేతిలో. బస్సు ఎక్కునప్పుడు తలుపు దగ్గర నిలిచి ఒక్కొక్కరిని తాకి లెక్కించెను. "ముప్పై ఒకటి" అనెను. ముప్పదిరెండు రావలెను. పెద్దలకు గుండెలు ఆగినవి. మరల లెక్కించెను, మరల ముప్పై ఒకటియే. ఎర్ర తువాలు వేసికొన్న మా బావగారు అప్పటికే నీటివైపు పరుగెత్తుచుండిరి. అప్పుడు వెనుక సీటులోని చిన్నపిల్ల, "అన్నా, నిన్ను నువ్వు లెక్కపెట్టుకోలేదు" అని అరచెను.